ఐదో సూది

“ఆవు కరిచిందా?”

“అబ్బే, కరవలేదండీ. చొంగ కారుస్తుంటే దుంప గొంతుకి అడ్డం పడిందేమోనని నోట్లో చెయ్యి పెట్టి చూశాను. ఎవరైనా అదే చేస్తారు కదా!”

నర్సు ఇలింకా తల పట్టుకుంది. మరమురెష్ కొండల్లో పిచ్చి నక్క కరిచిన ఆవు ఏటా ఒకటి ఉంటుంది, దాని నోట్లో చెయ్యి పెట్టే మహానుభావుడూ ఒకడుంటాడు. ఈ ఏటి మహానుభావుడు గొర్రెల కాపరి తోడర్. ఆవు చచ్చిపోయింది, రేబిస్ అని పరీక్షలో తేలింది. పశువుల డాక్టరు ఇతణ్ణి తిన్నగా ఇక్కడికి తరిమాడు.

“చేతి మీద ఆ గీతలేంటి?”

“కంచె తీగ గీరుకుందండీ, అంతకు ముందు రోజు.”

“ఇంకేం! కరవక్కర్లేదు, చొంగ ఆ గీతలకి తగిలితే చాలు. జబ్బు బయటపడితే ఇక మందు లేదు. ఇప్పుడైతే ఉంది. ఐదు సూదులు, ఒక్కటి కూడా మానడానికి వీల్లేదు.”

“మరి మా అవ్వ? ఆ ఆవు పాలే తాగిందండీ.”

“కాచినవేనా?”

“మా అవ్వ నీళ్లు కూడా కాచే తాగుద్ది.”

“అయితే ఆవిడ నిక్షేపంగా ఉంటుంది. మీరు చొక్కా చెయ్యి మడవండి.”

గీతల చుట్టూ ఒక మందు ఎక్కించి, జబ్బకి మొదటి సూది వేసింది. అంత మనిషీ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

మూడో రోజు రెండో సూదికి వస్తూ గొర్రెపాల చీజ్ తెచ్చాడు. ఏడో రోజు అడవి పూలు. పద్నాలుగో రోజు ఏమీ తేలేదు, సూది అయ్యాక ఊరికే అరగంట కూర్చున్నాడు. ఇలింకాకి అదే ఎక్కువ నచ్చింది.

ఐదో సూది పడాల్సిన ఇరవై ఎనిమిదో రోజుకి మందలు కొండ మీదికి వెళ్లిపోయాయి. మధ్యాహ్నమైంది, వాన పట్టుకుంది, తోడర్ జాడ లేదు.

“సూదికి జడిసి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు, మొద్దు!” అని తిట్టుకుంటూ మందు ఐసుపెట్టెలో పెట్టుకుని, గొడుగేసుకుని కొండ ఎక్కింది. దారిలో కళ్ల నీళ్లు తిరిగాయి. అతనంటే తనకిష్టమని అప్పుడు ఒప్పుకుంది.

చెక్క వంతెన దగ్గర ఎదురయ్యాడు, నిలువునా తడిసి.

“ఎక్కడ చచ్చారు?”

“మీ దగ్గరికే వస్తున్నానండీ! వాగు పొంగితే చుట్టూ తిరిగొచ్చాను.”

గొడుగు అతని చేతికిచ్చి, అక్కడే ఐదో సూది వేసింది. ఈసారి అతను కళ్లు మూసుకోలేదు, ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

“ఇక సూదుల్లేవు. వారం నుంచీ నాకదే బెంగండీ. మిమ్మల్ని చూడాలంటే ఏం వంక చెప్పను?” రెండో చెయ్యి చాపి, “పొద్దున మా కుక్క చెయ్యి నాకింది,” అన్నాడు ఆశగా.

“చర్మం చిట్లిందా?”

“లేదు.”

“కుక్కకి టీకా?”

“ఏటా వేయిస్తాం.”

“అయితే సూది అక్కర్లేదు.” ఇలింకాకి నవ్వాగలేదు. “ఆదివారం మా ఇంటికి రా. అమ్మకి చూపిస్తా.”

తోడర్ గొడుగు పక్కకి వంచేశాడు. ఇద్దరూ తడుస్తున్నారు.

“‘రా’ అన్నావా? వాన హోరు, సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి అను.”