మగ్గం మీద వద్దు

కరెంటు పోయింది.

ఏసీ ఆగింది. ఫ్యాన్ ఆగింది. బయట నీలంగా మెరిసే 'సీమ బీచ్ క్యాంప్' బోర్డు కూడా ఆరిపోయింది.

ప్రమీలారాణి క్యాబిన్‌లో మంచం మీద కూర్చుని చెవులు రిక్కించింది.

గేటు దగ్గర ఒక కేక... సగంలో తెగిపోయింది!

కానిస్టేబుల్ లేవి గొంతు అది. ఈ క్యాంపులో ఆమెకి కాపలా ఆయనొక్కడే.

ఫోన్ వణికింది. ఎస్సై ఆరాధన.

"రాణీ, లేవి ఫోన్ ఎత్తట్లేదు. ఏం జరుగుతోంది అక్కడ?"

"కరెంటు పోయింది మేడం. లేవి సారు అరిచినట్టు ఇనపడింది."

"ఆ క్యాబిన్‌లో ఉండకు. ఎక్కడైనా దాక్కో. నందికొట్కూరు దాటాను, వచ్చేస్తున్నా."

లైన్ కట్.

బాత్‌రూమ్ కిటికీ చిన్నది. మోచేతులు గీరుకుపోయాయి. అయినా దూకింది.

పరుగు!

కృష్ణ బ్యాక్‌వాటర్ ఒడ్డున చెక్క క్యాబిన్లు కట్టి, లారీల్లో ఇసుక తెచ్చి పోసి, గొడుగులు పాతి, దీన్నే బీచ్ అన్నాడు ఓనరు. సముద్రం లేని సీమకి ఇదే సముద్రం మరి. ఏప్రిల్‌లో క్యాంప్‌ఫైర్ కూడా వేస్తాడట. కర్నూలు ఎండలు చాలవన్నట్టు! వారం మధ్యలో జనం రారు. అందుకే పోలీసులు ఆమెని ఇక్కడ దాచారు.

ఇసుక అయిపోయింది. ఎండకి నెర్రెలు విచ్చిన బురదనేల మొదలైంది. నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి.

వెనక టార్చ్ వెలిగింది.

ఒక్కడే. ముఖానికి గుడ్డ. చేతిలో నాటు పిస్టల్.

వాడు అరవడం లేదు. ఆగమనడం లేదు. నోట ఒక్క మాట లేదు. వెలుతురు మాత్రం ఆమెని వెతుక్కుంటూ వస్తోంది.

ఎవడు వీడు?

రేపు పొద్దున కర్నూలు కోర్టులో ఆమె సాక్ష్యం. పోయినేడు కోడుమూరులో, వాళ్ల మగ్గాల షెడ్డు ముందు, తమ్ముడు ఈరేష్‌ని పొడిచి చంపారు. ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడు పారిపోతుంటే చూసింది ఆమె ఒక్కతే. పోలీసులు క్వారీ కంబన్నని పట్టుకున్నారు. ఈరేష్‌కీ అతనికీ గొడవలున్న మాట నిజమే. కంబన్నే అని చెప్పేయ్, పీడ వదుల్తుంది అంటూ ఊరంతా ఒకటే పాట.

కానీ కంబన్న ఆంబోతులా ఉంటాడు. ఆ రోజు పరిగెత్తినవాడు బక్కపలచని మనిషి.

"చూసింది చెప్తా. చూడంది చచ్చినా చెప్పను," అంది ప్రమీలారాణి. ఆ మాట మీదే నిలబడింది.

కంబన్న బయటపడాలంటే ఆమె బతికుండాలి. ఆమె చావాలనుకునేవాడు ఒక్కడే. నిజంగా పొడిచినవాడు!

నీళ్ల దగ్గర జాలర్ల పుట్టి కనబడింది. ఎక్కి తోసుకుంటే అవతలి ఒడ్డు. తర్వాత నల్లమల. తర్వాత ఎవరికీ దొరకదు.

కాళ్లు ఆగాయి.

పారిపోతే రేపు బోనులో ఎవరు నిలబడతారు? తమ్ముడి గురించి ఎవరు మాట్లాడతారు?

ఛీ. పోదు. టార్చ్ వెలుతురు తప్పించుకుంటూ వెనక్కి తిరిగింది. చివరి క్యాబిన్ తలుపు తోసింది. తెరుచుకుంది!

లోపల గుంటమగ్గం.

టూరిస్టుల కోసం పెట్టారు. నేలలో గుంట తవ్వి, పడుగు కూడా ఎక్కించి, కూర్చుని ఫోటో దిగమన్నారు. ఫోటోకి లైకులు వస్తాయి, నేసినవాడికి నడుంనొప్పి వస్తుంది. ప్రమీలారాణికి రెండోదే తెలుసు.

గుంటలోకి జారింది. పడుగు దారాల కింద ముడుచుకుంది.

అడుగులు. దగ్గరగా... ఇంకా దగ్గరగా...

గడప దగ్గర ఆగాయి. టార్చ్ మగ్గం మీద పడింది.

టప్. టప్.

ఆమెకి అర్థం కాలేదు. విన్న శబ్దాన్ని మళ్లీ తలుచుకుంది. అర్థమైంది.

చెప్పులు విడిచాడు!

చంపడానికి వచ్చినవాడు చెప్పులు విడుస్తాడా?

ఉత్త పాదాలు లోపలికి వచ్చాయి. పడుగుని దాటితే రెండే అంగలు. దాటలేదు. చుట్టూ తిరిగాడు. మోకాలు మగ్గం కర్రకి తగిలింది. వెంటనే వంగి కర్రని తాకి, ఆ చేతిని కళ్లకద్దుకున్నాడు.

ప్రమీలారాణి దారాల కిందనుంచి ఆ చేతినే చూసింది.

మగ్గానికి కాలు తగలకూడదు, మగ్గాన్ని దాటకూడదు. క్వారీవాళ్లకి ఇది తెలియదు. కిరాయి మనిషికి తెలియదు. నేతగాళ్ల ఇంట పుట్టినవాడికి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు, చెయ్యి దానంతటదే లేస్తుంది.

ఈ క్యాంపు పేరు ఆమె ఒక్కరికే చెప్పింది. మధ్యాహ్నం ఫోన్‌లో. నాయిన పోయాక ఈ అక్కాతమ్ముళ్లని మగ్గం గుంటలో కూర్చోబెట్టి పని నేర్పినవాడికి. 'కంబన్న పేరు చెప్పు తల్లీ' అని ఏడాదిగా బతిమాలుతున్నవాడికి.

భయం పోయింది. ఒళ్లు మండిపోయింది.

గుంటలోంచి లేచి నిలబడింది.

"గుడ్డ తియ్యి మునీంద్ర మామా. చెమట పడతాంది."

టార్చ్ ఆమె ముఖం మీద పడింది. తర్వాత గుడ్డ జారింది.

"ఎంత చెప్పినా ఇనకపోతివి రాణీ," అన్నాడు మునీంద్ర. "కంబన్న అని ఒక్క మాట అనుంటే నాకు ఈ పని పడునా?"

"ఈరేష్ నిన్నేం చేసినాడు?"

"షెడ్డు అమ్ముదాం, సంతకం పెట్టురా అంటే పెట్టకపాయె. రోడ్డు పక్క జాగా. ఈ కాలంలో మగ్గాలు కూడు పెడతాయా? మాట మీద మాట పెరిగె. చేతిలో కత్తి ఉండె. అట్లా అయిపాయె."

అయిపాయెనట! పాలు పొంగిపోయినట్టు చెబుతున్నాడు.

పిస్టల్ లేచింది.

"బయటికి రా."

"ఏంటికి?"

"మగ్గం మీద వద్దు."

ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఆ రోజు ఈరేష్ అన్నం సగంలో వదిలి షెడ్డు బయటికి ఎందుకు వెళ్లాడో, ఎవరు పిలిస్తే వెళ్లాడో. మగ్గానికి నెత్తురంటకూడదు. మేనల్లుడు పోయినా ఫరవాలేదు.

ప్రమీలారాణి గుంట అంచు మీద కూర్చుంది. కాళ్లు కింద తొక్కుడుకర్రల మీద పెట్టింది. రెండు చేతులూ పడుగు మీద చాపింది.

"రాను. ఈన్నే కాల్చు."

"రాణీ, మొండితనం వద్దు."

"అక్క కొడుకును పొడిచేటప్పుడు రాని పాపం, దారాలకు వస్తాదా మామా? కాల్చు. నాయిన మగ్గం మీదే పోయినాడు, నేనూ ఈన్నే పోతా. బయటికి మాత్రం రాను."

అతను గురి చూశాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు.

దూరంగా జీపు శబ్దం!

మునీంద్ర పెదవులు కదిలాయి. టార్చ్ కింద పెట్టి వంగాడు. మగ్గాన్ని తాకి, "తప్పాయ తల్లీ," అని కళ్లకద్దుకున్నాడు.

కాలెత్తాడు. ఆమె జుట్టు పట్టి బయటికి ఈడ్వాలని చెయ్యి చాపి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పడుగు మీదుగా అడుగేశాడు.

ప్రమీలారాణి కుడికాలితో తొక్కుడుకర్రని తొక్కింది.

దారాలు రెండుగా విడిపోయాయి! కాలు మోకాలి దాకా దిగబడింది.

ఎడమకాలితో తొక్కింది.

దారాలు పెనవేసుకుని బిగిశాయి. మునీంద్ర బోర్లా పడ్డాడు. పిస్టల్ చెయ్యి జారి ఆమె ఒళ్లో పడింది.

అందుకుంది. గుంటలోంచి బయటికి వచ్చి నిలబడింది.

"పాపా... నీ మామను. నాయిన పోయినంక మీకు అన్నం పెట్టినోన్ని."

"అవు. పెట్టినావు."

ఆమె కళ్లు నిండాయి. పిస్టల్ మాత్రం దించలేదు.

అతను దారాలు తెంపుకున్నాడు. ఫట్... ఫట్... కాలు వచ్చేసింది. గోడ పట్టుకుని లేచాడు. వెనక తలుపు వైపు జరుగుతూ నవ్వాడు.

"కాల్చలేవులే. చంపితే జైలుకు పోయేది నువ్వే. చచ్చినోడు కోర్టుకొచ్చి నేనే పొడిచినా అని చెప్తాడా? ఇడిచిపెడితే నేను ఈడికి రానే లేదు. ఉత్త నీ మాట ఎవరు నమ్ముతారు?"

జీపు లైటు కిటికీ మీద పడింది. ఆరాధన అరుపు. పరిగెత్తే బూట్లు. ఇంకా దూరంగానే ఉన్నాయి.

మునీంద్ర గడియ తీశాడు. బయట చీకటి. నీళ్లు. పుట్టి.

"నిన్ను చంపను మామా," అంది ప్రమీలారాణి. "రేపు నాతోపాటు నువ్వూ కోర్టుకు రావాల."

పిస్టల్ అతని గుండె మీద నుంచి మోకాలి మీదకి దిగింది.

ఢాం!