అద్దం లేని తొలిచూపు

మిట్టమధ్యాహ్నం... అయినా చీకటి! కారుమబ్బుల్లో ఉరుము దొర్లింది. శిల్పి పనిశాల దూలం మీద, పగలు కూయని గుడ్లగూబ కూసింది.

విగ్రహ పీఠం కింది కపాలానికి నెత్తుటి బొట్టు పెట్టి మాంత్రికుడు లేచాడు.

మూల మంచం మీద శిల్పి భార్య. విగ్రహానికి ఆమె పోలికే పెట్టించాడు ఆ దుర్మార్గుడు. ఉలి రాతి పాదాన్ని మలచగానే ఆమె పాదం బిగుసుకుంది. రాతి నడుము ఒంపు తిరగగానే ఆమె నడుము కదలడం మానేసింది. ఇక్కడ రాయి వెచ్చబడుతుంటే అక్కడ మనిషి చల్లబడుతోంది! పని ఆపితే ఆమె ఊపిరి ఆగుతోంది... ఉలి పడితేనే ఆడుతోంది.

"మీవాళ్ళు కొయ్య చెక్కారు, చెదలు తినేశాయి," అన్నాడు మాంత్రికుడు. "కొండలు తొలిచారు. రాయి మీద రాయి పేర్చి గోపురాలు లేపారు. మిగిలింది ఒక్క మెట్టు... ప్రాణం! కళ్ళు తెరిపించు. నీ పెళ్ళాన్ని వదిలేస్తా!"

శిల్పికి అసహ్యం వేసింది. దానికి అడుగున, ఆ మెట్టు తనకూ కావాలనిపించింది. ఆ కోరికను చూసుకుని జడుసుకున్నాడు. చెయ్యి మాత్రం ఉలి వదల్లేదు.

"ఏమయ్యా," భార్య పెదవులొక్కటే కదిలాయి. "ముక్కు కాస్త చిన్నది చెయ్యి. మీ అమ్మ వంకలన్నీ దానికేగా..."

"నోరు మూసుకుని పడుకోవే," అన్నాడు. రాతి ముక్కును మాత్రం ముట్టుకోలేదు.

కళ్ళు అన్నిటికన్నా చివర్లో చెక్కడం శిల్పుల కట్టుబాటు. ఆ వేళ విగ్రహానికి ఎదురుగా అద్దం పెట్టి, పక్కనుంచి చెక్కుతారు. రాతి తొలిచూపును మనిషి భరించలేడు. శిల్పి అద్దం నిలబెట్టాడు.

మాంత్రికుడు దాన్ని తన్ని పగలగొట్టాడు. "ఇది ముందు ఎవర్ని చూస్తే వాడికే బానిస! నన్నే చూడాలి!"

"వద్దు సామీ... ఎదురుగా నిలబడకు."

"చెక్కు!"

ఉలి తగిలింది. రాతి రెప్ప విచ్చుకుంది...!

అది బానిస చూపు కాదు. కొయ్యలో, కొండలో, గోపురంలో తరతరాలుగా అద్దంలో తన్ను తానే చూసుకున్న శక్తి... మొదటిసారి మనిషిని చూసింది! ఒక్క వెర్రికేక... మాంత్రికుడు పాదాల నుంచి బూడిదై రాలిపోయాడు. కపాలం పగిలింది.

మంచం మీద భార్య లేచి కూర్చుంది! ఒళ్ళు వెచ్చబడింది. కానీ ముఖం గోడవైపే ఉంది. కళ్ళున్నచోట నున్నటి తెల్లరాళ్ళు...

విగ్రహం కళ్ళలో తడి.

విగ్రహాన్ని పగలగొడితే ఆమె చూపు తిరిగొస్తుందా? పూర్తిగా పోతుందా? ఏ గురువూ చెప్పలేదు. సుత్తి ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"ఏమయ్యా," గోడవైపు తిరిగే అంది భార్య. "నా మీదికి సుత్తి ఎత్తావెందుకు?"