గుండెకి గురిపెట్టే బాణం మొన

"ఒసేయ్... అది మళ్ళీ తిరిగిందే!"

వీధి చివర మ్యూజియంలోంచి వచ్చిన ఆ కేక విని టీకొట్టు బాబాయ్ గ్లాసులు కడగడం ఆపాడు. "ఇతని పనీ అయిపోయింది" అనుకున్నాడు.

ఆ మ్యూజియంలో చివరి గదికి మంచి పేరు లేదు. ఆకాశంలోంచి రాలిపడ్డ ఉల్క ఇనుముని, మనిషికి ఇనుము కరిగించడం కూడా తెలియని కాలంలో ఎవరో సాగగొట్టి చేసిన బాణం మొన అక్కడుంది. గాజుపెట్టెలో సన్నటి దారానికి వేలాడుతుంటుంది. పగలంతా బుద్ధిగానే ఉంటుంది. చీకటి పడిందా... కాపలావాడి వైపు తిరుగుతుంది — సూటిగా గుండెకి. ఆ మొన తగిలి చచ్చినవాడెవడో తోడు కోసం వెతుకుతున్నాడని చెప్పుకుంటారు. ఇద్దరు వాచ్‌మన్లు చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తారు.

మూడోవాడు మన మీసాలాయన. మీసం చూస్తే పులే. లోపల సంగతి... పోనీలెండి పాపం. "రాత్రి డ్యూటీ వదిలి బయటికొస్తే పొద్దున మళ్ళీ రానక్కర్లేదు" అని మ్యూజియం మేడమ్ ముందే చెప్పేసింది. ఈ ఉద్యోగం ఊడితే మెకానిక్ బావమరిది పంచన చేరి, దెప్పులతో కలిపి అన్నం తినాలి.

అందుకే గడప దాటకుండా, తలుపు పట్టుకుని వేలాడుతూ అరిచాడు.

భార్య క్యారియర్‌తో వస్తోంది. ధైర్యం చెప్పడానికంటూ బాబాయ్ కూడా బయల్దేరాడు — ఆవిడ వెనకాల.

"ఎటు తిరిగింది?"

"నా గుండె వైపు" అన్నాడు గుసగుసగా.

"అందులో ఏముందని? పద, చూపించు."

గదిలో చీమ చిటుక్కుమనడం లేదు. మీసాలాయన ఒక్క అడుగు వేశాడు. దారం వణికింది. మొన మెల్లగా... మెల్లగా... అతని చొక్కా జేబుకి ఎదురుగా వచ్చి ఆగింది.

"చూశావా?" గొంతు కీచుమంది.

ఆవిడ మొనని చూడలేదు. మొగుడి జేబుని చూసింది.

"ఆ జేబులో టార్చి ఇటివ్వు."

అది డ్యూటీ టార్చి. కాపలాకి ఎవరొచ్చినా తాళాలతో పాటు అదీ వాళ్ళ చేతికొస్తుంది. ఆవిడ పుచ్చుకుని ఎడమకి జరిగింది. మొనా ఎడమకే. కుడికి... మొనా కుడికే. బాబాయ్ కళ్ళు మూసేసుకున్నాడు.

ఆవిడ టార్చి అడుగుని తాళాలగుత్తికి ఆనించింది.

టక్. గుత్తి అతుక్కుపోయింది.

"మా తమ్ముడి షెడ్డులో ఇలాంటివి బోలెడు. కారు కింద దూరినప్పుడు రేకుకి అంటించుకుంటారు, అడుగున అయస్కాంతం ఉంటుంది. పైనుంచి పడ్డా ఇనుము ఇనుమే కదా."

"మరి నా ముందున్న ఇద్దరూ?"

"వాళ్ళ చొక్కాలకీ జేబులుంటాయిగా."

"నాకు మొదట్నుంచీ అనుమానమే" అన్నాడు మీసాలాయన, మీసం సర్దుకుంటూ.

"అవునవును, ఆ కేక విన్నాంలే" అని ఆవిడ టార్చిని వీధి గుమ్మం దగ్గర పెట్టొచ్చి, ఆ గది గుమ్మంలోనే క్యారియర్ విప్పింది.

ఇన్నాళ్ళూ ఆ పెట్టెనే చూస్తూ నిలబడి ముద్ద మింగిన మనిషి, ఆ రాత్రి దానికి వీపు పెట్టి బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. బాబాయ్ మాత్రం ఎదురుగా కూర్చున్నాడు... కళ్ళు మొన మీద, చెయ్యి కూరగిన్నెలో.