మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్

మందుల షాపు మెట్లు దిగుతున్న మాస్టారు తల ఎత్తేలోపే అంతా అయిపోయింది. బైకు ఆగలేదు కూడా. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. కంట్లో వేసుకునే మందు సీసా దొర్లుకుంటూ రోడ్డు మీదికి పోయింది.

రహస్య విభాగంలో సగంమందికి కోడ్ భాష నేర్పిన మనిషి ఆయన. రిటైరయ్యాక పేరు మార్చుకుని, ఊరు మార్చుకుని, మీసం కూడా తీసేసి బతుకుతున్నాడు. ఆయన చిరునామా చీఫ్‌కి తప్ప ఈగకి కూడా తెలియదు.

మర్నాడు ఏజెంట్ ముల్లు ఆ ఇంట్లో, మాస్టారి భార్య ఎదురుగా కూర్చున్నాడు. మాస్టారిని అతను సొంత అన్నలా చూసుకునేవాడు.

"అన్నయ్య ఇక్కడున్నట్టు ఎవరికి చెప్పారు వదినా?"

"ఎవరికి చెప్తామయ్యా? పక్కింటివాళ్ళక్కూడా గడియారాలు బాగుచేస్తాడనే చెప్పాను. కావాలంటే నువ్వే చూడు." ఫోన్ అతని చేతిలో పెట్టింది.

అనుమానించదగ్గ నంబరు ఒక్కటీ లేదు. మొదటి వరసలో మాత్రం ఇంటి ఖర్చుల సాఫ్ట్‌వేర్ ఒకటి మెరుస్తోంది.

"ఇదేంటి?"

"రోజూ కూర్చుని ఖర్చులు ఎక్కించే ఓపిక లేక, బ్యాంకు ఖాతా దానికి కలిపేశాను. పాస్‌వర్డ్ ఒక్కసారి ఇస్తే చాలు, లావాదేవీలన్నీ అదే లాక్కుంటుంది. సరుకులు ఒక పక్క, మందులు ఒక పక్క, చక్కగా సర్దుతుంది కూడా."

ముల్లు 'మందులు' అన్నచోట నొక్కాడు. నెల నెలా ఒకే షాపు. మాస్టారికున్న కంటి జబ్బుకి మందు దొరికే ఒకే ఒక్క షాపు. ఆ జబ్బు సంగతి తెలిసిన శత్రువుకి ఇంకేం కావాలి? మెట్ల కింద కాపు కాస్తే సరి.

"వాళ్ళకెలా తెలిసిందయ్యా?"

"ఇంకా తెలియలేదు వదినా."

ఆ అబద్ధం చెప్పి, ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

"ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ వెనకున్నది విదేశీ ముఠా. ఈ మధ్యాహ్నం మన జీతాలు పడే బ్యాంకు దానికి లింక్ అవుతోంది. ఉద్యోగులకు ఉచిత సదుపాయమట! పైవాళ్ళు సంతకం పెట్టేశారు."

"ఆపమనలేరా?"

"ఫోన్ ఎత్తడంలేదు. లింక్ పడితే మారుపేర్లతో ఉన్న మనవాళ్ళు ఏ షాపుకెళ్తారో, పిల్లలకి ఏ స్కూల్లో ఫీజు కడతారో, అన్నీ ముఠా ఒళ్ళో పడతాయి. లింక్ పెట్టడానికి అక్కడికి వెళ్ళాల్సిన బ్యాంకు టెక్నీషియన్‌ని మేం ఇక్కడ ఆపి కూర్చోబెట్టాం. అతని లాప్‌టాప్‌తో, అతని వేషంలో వెళ్ళు." చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. "సర్వర్‌కి గుచ్చితే బూడిదే. లోపల మనమ్మాయి ఉంది. ముత్యాల మేడమ్."

కంపెనీ ఆఫీసు నిండా అద్దాలు, సెంటు వాసన. గోడంత స్క్రీన్ ముందు నలుగురు కుర్రాళ్ళు కాఫీ తాగుతూ పడీపడీ నవ్వుతున్నారు.

"ఈయన్ని చూడరా! ఇంట్లో తెలియకుండా ఇంకో ఇంటికి అద్దె కడుతున్నాడు!"

"ఇదిగో, ఈవిడ గర్భం పరీక్ష కిట్ కొంది. మొగుడికంటే ముందు మనకే తెలిసింది!"

ముల్లుకి వాళ్ళ కాఫీ వాళ్ళ నెత్తినే పోయాలనిపించింది. నకిలీ మీసం కింద పళ్ళు బిగించి ముందుకి నడిచాడు.

లిఫ్టు దగ్గర మెడలో మూడు పేటల ముత్యాలతో ఒకామె నిలబడి ఉంది. అందం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. "అద్దం మసకగా ఉంది," అంది.

"తుడిచేవాళ్ళు సెలవులో ఉన్నారు," అన్నాడు ముల్లు.

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వి అతన్ని సర్వర్ గదికి తీసుకెళ్ళింది. తలుపు మూసింది. తిరిగేసరికి ఆమె చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"పెన్ను కింద పడెయ్. కూర్చో. లాప్‌టాప్ తెరువు. బ్యాంకు లాప్‌టాప్ నుంచి తప్ప లింక్ పడదు, అందుకే నిన్ను రానిచ్చాను."

"రెండు చోట్లా జీతం తీసుకుంటున్నావన్నమాట."

"అంత అసహ్యంగా చూడకు. మేం ఎవరింట్లోనైనా దూరామా? పాస్‌వర్డ్ వాళ్ళే ఇచ్చారు. 'ఒప్పుకుంటున్నాను' అని వాళ్ళే నొక్కారు."

"మాస్టారు నొక్కలేదు."

"ఆయన పెళ్ళాం నొక్కిందిగా!"

ముల్లు పెన్ను కింద పడేసి, కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు.

దగ్గరికొస్తే పిస్టల్ లాక్కుంటాడని ఆమెకు తెలుసు. టేబుల్‌కి అవతలే నిలబడి, బ్యాంకులో ఎవరినో కొని సంపాదించిన పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం చెప్పింది. అతను టైప్ చేశాడు. తెరమీద చుక్కలు తప్ప అక్షరాలు కనబడవు. ఏ మీట నొక్కాడో అతనికే తెలుసు.

"పాస్‌వర్డ్ తప్పంటోంది," అన్నాడు.

"మళ్ళీ కొట్టు."

మళ్ళీ కొట్టాడు. ఇంకొక్క అవకాశమే ఉందని తెర ఎర్రగా హెచ్చరించింది. దాన్ని చదివి వినిపించే బాధ్యత తనది కాదనుకున్నాడు.

"ఇప్పుడూ తప్పే."

సర్వర్ గది గోడమీది చిన్న స్క్రీన్‌లో, లింక్ పడాల్సిన గడువు నిమిషం నిమిషం కరిగిపోతోంది. ఆమె గొంతు కీచుమంది. "క్యాపిటల్ లెటర్స్ చూసుకున్నావా, మొద్దూ? జాగ్రత్తగా కొట్టు!"

జాగ్రత్తగానే కొట్టాడు.

లాప్‌టాప్ బొయ్యిమంది. ఆమె పరుగున వచ్చి తెరమీదికి వంగింది. 'యాక్సెస్ లాక్ అయింది. అసలు గుర్తింపు కార్డుతో స్వయంగా బ్రాంచికి రండి.'

ఆ వాక్యం ఆమె పూర్తిగా చదివేలోపే ముల్లు ఆమె మణికట్టు విరిచి పట్టాడు. పిస్టల్ జారింది. ముత్యాలు తెగి గదంతా గలగలా దొర్లాయి. కింద పడ్డ పెన్ను తీసి సర్వర్‌లో గుచ్చాడు. నల్లటి పొగ లేచింది. గోడమీద స్క్రీన్ చచ్చిపోయింది. తలుపు అవతల కుర్రాళ్ళ నవ్వు టక్కున ఆగింది.

"మళ్ళీ తెరిపిస్తాం," ఆమె రొప్పుతూ అంది.

"తెరిపించుకో. ముందు నీ అసలు పేరేంటో కౌంటర్లో చెప్పాలి."

ఆమెను బయట కాచుకుని ఉన్న విభాగం వ్యాన్ ఎక్కించేసరికి చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఖర్చుల రిపోర్టు సాయంత్రానికల్లా కావాలి. రసీదులు అతికించే పని లేదులే. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. నీ బ్యాంకు ఖాతా దానికి కలిపెయ్, అన్నీ అదే లాక్కుంటుంది."

ముల్లు ఫోన్ కట్టేసి, రోడ్డు పక్కన తుపుక్కున ఉమ్మాడు. ఎదురుగా టాక్సీ ఆగింది. బ్యాంకు కార్డు బయటికి తీయబుద్ధి కాలేదు. ఇంటికి నడిచే వెళ్ళాడు.