ఆగస్టులో ఆక్టోపస్

"ఇది మిషన్ కాదు. సెలవు," అన్నాడు డైరెక్టర్ షత్లా.

ట్యునిస్‌లోని ఆ ఆఫీసుగదిలో ఏజెంట్ నౌఫల్ ఇరవై రెండేళ్ళుగా వినని మాట అది. అతని పిస్టలునూ, దగ్గర్లో బాంబుంటే చురుక్కుమనిపించే చేతిగడియారాన్నీ డైరెక్టర్ సొరుగులో పడేసుకున్నాడు.

"కెర్కెనా దీవిలో పది రోజులు. ఈత కొట్టు, చేపలు తిను. వీటితో అక్కడేం పని?"

నౌఫల్ మురిసిపోయాడు. అడిగినా దొరకని సెలవు అడక్కుండా వచ్చిందంటే అక్కడే అనుమానం రావాలి. పైగా అతనికోసం 'దర్జీ' వెతుకుతున్నాడు. విదేశీ ముఠా పెంచుకున్న కిరాయి హంతకుడు. ముఖం ఎవరూ చూడలేదు. రెండుసార్లు నౌఫల్ అతని పని చెడగొట్టాడు. మూడోసారి నీ ప్రాణమేనని కబురు పంపాడు.

దీవిలో బస, ఊరంతా ఖాలా అని, అంటే పిన్నీ అని పిలిచే ఖద్దూజా ఇంట్లో. ఒంటరి ముసలావిడ. సముద్రం పక్కనే మిద్దె, దానినిండా ఎండుతున్న మట్టికుండలు. ఆక్టోపస్‌లు పట్టే కుండలు.

"వీటిలో ఎరేం పెడతారు ఖాలా?"

"ఎరా, నీ మొహం. ప్రశాంతంగా ఉన్న ఇల్లు కనపడితే చాలు నాయనా, అదే వచ్చి దూరుతుంది."

"నాలాగే," అని నవ్వాడు నౌఫల్.

మూడో రోజు పక్కింటి వాకిట్లో ఎర్ర కళ్ళద్దాల సుందరి కెమెరాతో కనిపించింది. రీమ్. ఒకప్పుడు అతనితో పనిచేసి, మూడేళ్ళ కిందట ఆ ముఠాలోనే చేరిపోయిన మనిషి. నౌఫల్ వెంటనే డైరెక్టర్‌కి ఫోన్ చేశాడు.

"ఎండదెబ్బేమో. పడుకో," అన్నాడాయన.

నాలుగో రోజు మధ్యాహ్నం, గడ్డిటోపీ పెట్టుకున్న జాలరి మిద్దె ఎక్కి తడికుండ ఒకటి దించాడు. వేషం, యాస అచ్చం దీవివాళ్ళవే.

"అతిథికి మా కానుక సార్. లోపల ఆక్టోపస్ ఉంది. చెయ్యి పెట్టకండి, కరుస్తుంది," అని దిగిపోయాడు.

వంటింట్లోంచి కుస్‌కుస్ పళ్ళెంతో వచ్చిన ఖాలా కుండని చూసి ఆగిపోయింది.

"ఎవడిచ్చాడిది?"

"మీ జాలరే."

"మా జాలరా, వాడి బొంద. ఇది ఆగస్టు. పిల్లలు పెట్టే కాలం. అక్టోబరు దాటితేగానీ మావాళ్ళెవరూ కుండ తడపరు. చూడు, ఊళ్ళో ఉన్నవన్నీ మిద్దెలమీదే."

నౌఫల్ చెవి కుండకి ఆనించాడు. టిక్, టిక్. ఎత్తి సముద్రంలోకి విసిరి, ఖాలాని కిందికి లాగాడు. ఒక్క క్షణం. నీళ్ళు ఇంటెత్తు లేచాయి. మిద్దెమీది కుండలన్నీ పగిలిపోయాయి.

లేచి చూసేసరికి, రేవులో ఆ జాలరినీ పడవలో మరో ఇద్దరినీ నేలకేసి నొక్కి పట్టుకున్నారు పోలీసులు. రీమ్ ఫోన్‌లో చెబుతోంది: "కుండలో పడింది సార్."

నౌఫల్ పరుగున దిగాడు. "నువ్వు వాళ్ళ మనిషివి కదా."

"అలాగని వాళ్ళు నమ్మారు. ఆ జాలరే దర్జీ. వాడికి నీ అడ్రసు ఇచ్చింది నేనే."

"ఎవరిమ్మన్నారు?"

"నీకు సెలవిచ్చినాయన."

"కుండ పైకి వెళ్తుంటే చూశావా?"

"చూశాను." కళ్ళద్దాలు తీయలేదామె. "వాడు పడవ చేరేదాకా కదలొద్దని ఆర్డరు. ముఠా మొత్తం కావాలన్నారు."

"అప్పుడు ఖాలా వంటింట్లో ఉంది రీమ్."

పైన ముసలావిడ పెంకులు ఏరుకుంటోంది. నౌఫల్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

రీమ్ ఫోన్ అతని చేతికిచ్చింది. "శభాష్," అన్నాడు డైరెక్టర్. "ఇంకా ఆరు రోజులున్నాయి. హాయిగా గడుపు."

"వద్దు సార్. రేపే ఆఫీసుకొస్తాను."

"అదేంటయ్యా?"

"అక్కడైతే నన్ను చంపించేవాడు ఏ గదిలో కూర్చుంటాడో తెలుసు."