మోసపోయిన కావలి

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర షేర్ ఆటో ఆపి దిగబోతూ, భర్త బాలరాజు ఫిట్స్ వచ్చి పడిపోయాడన్న కబురు వినగానే, మహేశ్వరి చుడుతున్న బీడీలు చాటలోనే వదిలేసి పరుగెత్తింది. కామారెడ్డిలో స్కానింగ్ తీశారు. మెదడులో గడ్డ... అదీ క్యాన్సర్ గడ్డ.

"తలకాయ నొస్తున్నదని వాడు మొత్తుకుంటే గోలీ ఇచ్చి ఆటో మీదికి తోలినవ్. గప్పుడే దవాఖానకు తీస్కపోతే గిట్లయితుండెనా?" అంది అత్త విమలమ్మ, ఆస్పత్రి వరండాలోనే.

మహేశ్వరీ లోపల అదే అనుకుంది. గోలీ ఇచ్చిన మాట నిజమే కదా...

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి గడ్డను వీలైనంత తీశారు. "మళ్లీ పెరుగుతుందమ్మా," అన్నాడు డాక్టర్ నెమ్మదిగా. "రోగాలతో పోరాడే కణాలు మన రక్తంలో ఉంటాయి. ఈ గడ్డ వాటిని తన దగ్గరికి పిలిపించుకొని, ఏమార్చి, తనకే కాపలా పెట్టుకుంటుంది. ఆ పిలుపును ఆపే మందు ఒకటి పరీక్షిస్తున్నాం. పనిచేస్తుందని మాట ఇవ్వలేను."

"అంటే కావలోళ్లే దొంగతోని కలిసిండ్రా సారూ?" అడిగింది విమలమ్మ.

"కలవలేదమ్మా, మోసపోయారు."

మాట తడబడుతున్నా బాలరాజే ఒప్పుకున్నాడు. "ఇయ్యిండ్రి సార్. చూద్దాం."

కొన్నాళ్లు బాగానే తిరిగాడు. కూతురు నిహారికకు సైకిల్ నేర్పాడు. తర్వాత కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మహేశ్వరి ముద్దలు కలిపి తినిపించింది, ఒళ్లు తుడిచింది, అత్త మౌనాన్నీ భరించింది. మందు గెలవలేదు... వరికోతల రోజుల్లో, భార్య చేతిమీద తల పెట్టుకొని, నిద్రపోయినట్టే వెళ్లిపోయాడు.

రామారెడ్డి ఊరి నుంచి పరామర్శకు వచ్చిన విమలమ్మ అక్క రామవ్వ, గోడకు ఆనుకున్న మహేశ్వరిని చూసి నిట్టూర్చింది. "పెండ్లాం జర ముందుగాల కనిపెడితే మనిషి దక్కుతుండె."

మహేశ్వరి తల వంచుకుంది. విమలమ్మ లేచి వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"వాని పెయ్యిల, నెత్తుర్ల కావలికున్నోళ్లకే తెల్వలే అక్కా. దీనికెట్ల తెలుస్తది? నేను గూడ గదే మాటని దీన్ని ఏడిపిచ్చిన. తప్పు నాది. ఇగ నా బిడ్డను ఎవ్వలు ఏమనొద్దు."

మహేశ్వరి అత్త ఒడిలో తల పెట్టి, భర్త పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. విమలమ్మ ఊరుకొమ్మని అనలేదు. వీపు నిమురుతూ, తనూ ఏడుస్తూ ఉండిపోయింది.