అత్తగారి వాషింగ్ మిషన్

షోరూములో అందరూ అతన్ని గ్యారంటీ అని పిలిచేవాళ్ళు. వాషింగ్ మిషన్ల వరుస ముందు నిలబడేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు "ఎన్నాళ్ళు వస్తుందండీ?" అని అడిగీ అడగకముందే "మీ పిల్లలు పెద్దయ్యేదాకా వస్తుంది, నాది గ్యారంటీ" అనేవాడు. అనేసి వెంటనే పక్కకు చూసేవాడు. ఆ తళతళలాడే డబ్బాల లోపల తొట్టి ప్లాస్టిక్‌దని అతనికి తెలుసు. ఓ చిన్న బేరింగు అరిగితే విప్పి మార్చడానికి వీల్లేకుండా అతికేసి ఉంటుందనీ తెలుసు. తెలిసే చెప్పేవాడు. కడుపు నిండాలి కదా.

అతని ఇంట్లో ఉన్నది మాత్రం షోరూము సరుకు కాదు. వంటింటి వెనక ఇరుకు గదిలో, గోడకు ఆనించి, ముందు వైపు గుండ్రటి అద్దం తలుపున్న పాతకాలపు మిషన్. అది అత్తగారిది. మామగారు పోయాక ఆవిడ కూతురి దగ్గరకు వచ్చేస్తూ ఇంకేమీ తెచ్చుకోలేదు, దాన్ని మాత్రం లారీలో వేయించుకొచ్చింది. తెల్లరంగు పాలిపోయి ఎముక రంగుకు తిరిగింది. తిప్పే మీట మీద అంకెలు వేళ్ళ రాపిడికి చెరిగిపోయాయి. లోపల ఇనుప తొట్టి, అడుగున సిమెంటు దిమ్మ. నలుగురు పట్టినా పైకి లేవనంత బరువు.

అత్తగారు పోయి కొన్నేళ్ళయింది. మిషన్ మాత్రం ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

అతని భార్య కంటి ఆసుపత్రిలో కౌంటరు దగ్గర పనిచేసేది. రోజూ తెల్లకోటు వేసుకోవాలి. ఆ కోటు మీద ఎప్పుడూ చిన్న మరక కూడా ఉండేది కాదు. అతని చొక్కా కాలర్లు సరేసరి. బట్టలన్నీ తనే సాయంత్రం లోపల వేసి తలుపు మూసేది, పొద్దున్నే తీసి ఆరేసేది. అతన్ని దగ్గరకు రానిచ్చేది కాదు.

"మీరు ముట్టుకోకండి. దాని పద్ధతి దానిది," అనేది.

షోరూము వాళ్ళు ఒకసారి టీకి వచ్చి, చేతులు కడుక్కోవడానికి వెనక గదిలోకి వెళ్ళి, పడీ పడీ నవ్వారు. "ఇదేంటన్నా, ఊరందరికీ కొత్తవి అంటగట్టి నువ్వు మాత్రం మ్యూజియం ముక్క వాడుతున్నావా!" అన్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజే అనుకున్నాడు, ఇది చావాలి అని. బాగున్నదాన్ని పారేయడానికి భార్య ఒప్పుకోదు. పాడైపోతే ఎవరేం చేస్తారు?

మొదట గుప్పెడు కంకర రాళ్ళు తెచ్చి, ఆమె చూడకుండా బట్టల మధ్య వేశాడు. పొద్దున లేచి చూస్తే మిషన్ పైన అతని చేతిరుమాలు పరిచి ఉంది. దాని మీద ఆ రాళ్ళు. మట్టి అంతా పోయి శుభ్రంగా కడిగి ఉన్నాయి.

"ఇవి నువ్వు పెట్టావా?" అని అడిగాడు.

ఆమె రాళ్ళ వైపు చూసింది. మొహం పాలిపోయింది. "లోపల రాళ్ళేశారా మీరు?"

"ఏదో... జేబులో ఉండిపోయుంటాయి."

"ఇంకెప్పుడూ అలా చెయ్యకండి. దెబ్బ తగులుతుంది."

"మిషన్‌కా?"

ఆమె కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక నాన్చకూడదనుకున్నాడు. ఓ ఆదివారం ఆమెకు డ్యూటీ పడింది. మధ్యాహ్నం నుంచి ముసురు. కిటికీ అవతల ఆకాశం నల్లగా దిగిపోయి, పట్టపగలే సందెపొద్దులా ఉంది. స్క్రూడ్రైవరూ కత్తెరా తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. వెనక రేకు విప్పి, మోటారునూ డ్రమ్మునూ కలిపే బెల్టు కత్తిరించేస్తే చాలు. తెగిపోయింది, పాతది కదా, విడిభాగాలు దొరకవు అని చెప్పొచ్చు. ఎలాంటి మొహం పెట్టి చెప్పాలో కూడా ఆలోచించుకున్నాడు.

ప్లగ్గు పీకాడు. కాళ్ళు గోడకు తన్ని, నడుం పట్టేసేలా లాగితే మిషన్ జానెడు జరిగింది. సందులో దూరి రేకు స్క్రూలు విప్పుతుంటే కరెంటు పోయింది. ఫోను లైటు వేసుకుని రేకు పక్కన పెట్టాడు.

లోపల బెల్టు లేదు.

ముందు అర్థం కాలేదు. జారి కింద పడిందేమోనని చెయ్యి పెట్టి తడిమాడు. బూజు, ఎండిన దుమ్ము. మోటారు ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. వేలితో తిప్పితే కదల్లేదు. దానికి వెళ్ళాల్సిన వైర్లు ఎలుకలు కొట్టేసి ఎప్పుడో తెగిపోయాయి. పొద్దున్నే కదా భార్య ఇందులోంచి బట్టలు తీసి ఆరేసింది! ఒంటి మీదున్న చొక్కా కూడా అందులో ఉతికిందే.

షోరూము మెకానిక్కుకు ఫోన్ చేశాడు.

"బెల్టు లేకుండా డ్రమ్ము తిరుగుతుందా?"

అవతల నవ్వు. "తాగావా అన్నా? ఎలా తిరుగుతుంది? లోపల ఎవరైనా కూర్చుని తిప్పుతున్నారేమో, చూడు మరి."

అతనూ నవ్వబోయాడు.

కళ్ళ ముందు డ్రమ్ము వెనకున్న పెద్ద చక్రం కదిలింది. కొంచెమే. ఆగింది. మళ్ళీ కొంచెం కదిలింది... ఫోను లైటు దగ్గరగా పెట్టాడు. చక్రం అంతా దుమ్ము. అంచు మీద మాత్రం అక్కడక్కడ దుమ్ము లేదు. వేళ్ళు ఆనినంత మేర నున్నగా మెరుస్తోంది.

గదిలోకి వాసన వచ్చింది. వాళ్ళింట్లో ఎవరూ వాడని బట్టల సబ్బు వాసన. దాని వెనక నొప్పుల మందు ఘాటు. అత్తగారు భుజాలకు రాసుకునేది అదే. ఆ వాసనతోపాటు ఒక చప్పుడు... మోటారుది కాదు. బరువు లాగుతున్న ముసలి మనిషి ఊపిరి.

హుఁ... హుఁ... హుఁ...

కొళాయి కట్టేసి ఉంది. అయినా లోపల నీళ్ళు కదులుతున్నాయి.

అతని వెనక నేల మీద గొడుగు నీళ్ళు టపటపా రాలాయి. తిరిగి చూస్తే భార్య. డ్యూటీ దిగి వచ్చేసింది. విప్పి పక్కన పెట్టిన రేకు చూసింది, అతని చేతిలో కత్తెర చూసింది.

"ఎందుకు విప్పారు?" అంది, గొంతు బాగా తగ్గించి.

"ఇందులో... బెల్టు లేదు."

"తెలుసు."

"తెలుసా?"

"మెల్లగా మాట్లాడండి. వినబడుతుంది." ఆమె గడప మీద కూలబడింది. అతని వైపు చూడకుండా నేలతో చెబుతున్నట్టు చెప్పింది. "అమ్మ పోయిన ఆ నెలలోనే బెల్టు తెగిపోయింది. నేనే తీసి పారేశా. బాగు చేయిద్దామనుకుంటూ, ఆ హడావుడిలో మర్చిపోయి మీ చొక్కాలు లోపల పడేశాను. పొద్దున చూస్తే ఉతికేసి ఉన్నాయి."

"మరి నాతో ఒక్క మాట..."

"ఏమని చెప్పను?" ఆమె తల ఎత్తలేదు. "చచ్చిపోయాక కూడా మా అమ్మ చేత మీ చొక్కాలు ఉతికిస్తున్నానని చెప్పనా? మొదట్లో భయమేసింది. ఇంక వెయ్యకూడదు అనుకునేదాన్ని. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒళ్ళు హూనమైపోయేది. ఈ ఒక్క రోజుకీ అనుకుని వేసేదాన్ని. తర్వాత... అలవాటైపోయింది."

చక్రం ఆగింది. ముందు వైపు అద్దం తలుపు 'టక్' మని తెరుచుకుంది.

తడి దుప్పటి అంచు ఒకటి మెల్లగా బయటికి జారి, నేల మీదకు పాకి, ఆమె కాళ్ళ దగ్గర ఆగింది.

అతను పరుగెత్తాడు. భార్యను దాటుకుని, ఆమె భుజాన్ని పక్కకు తోసి మరీ పరుగెత్తాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. మెట్లు దిగి మలుపు దగ్గరకు వచ్చాక గాని ఆమె లోపలే ఉందని గుర్తు రాలేదు.

కింది ఇంటావిడ తలుపు తీసింది. "ఏమైంది బాబూ, అలా ఉన్నావు?"

"ఏం లేదండీ... కరెంటు పోయిందని చూస్తున్నా," అన్నాడు.

ఆవిడ అతని కాళ్ళ వైపు చూసి తలుపేసుకుంది. ఆ చూపుకు చచ్చిపోవాలనిపించింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. పైకి వెళ్ళాలని లేదు. వెళ్ళకపోతే రేపు ఆమె ముఖం చూడలేడు. అందుకే వెళ్ళాడు, ధైర్యం వచ్చి కాదు.

వెనక గదిలో ఆమె మోకాళ్ళ మీద ఉంది. దుప్పటి ఒక కొస రెండు చేతులా పట్టుకుని పిండుతోంది. రెండో కొస మిషన్ లోపలి చీకట్లో ఉంది. ఆమె ఇటు మెలిపెడుతుంటే, అది అటు మెలిపడుతోంది. బిగుతుగా... ఇంకా బిగుతుగా... నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"పట్టుకోండి," అంది. "నాకు బలం చాలట్లేదు."

అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి చాపుదామనుకున్నాడు. చెయ్యి రాలేదు.

"ఒక్కసారి పట్టుకోండి..."

రాలేదు.

అప్పుడు లోపలి నుంచి మాట వినిపించింది. ఆయాసపడుతూ, మర్యాదగా, బతికున్నప్పుడు రోజూ అన్నట్టే.

"మీకెందుకు బాబూ శ్రమ... నేను చేసుకుంటాలే."

దుప్పటి ఆమె చేతుల్లోంచి జారి సరసరా లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. కరెంటు వచ్చింది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కూడా కళ్ళు కలపలేదు. అతను పరుగెత్తిన సంగతి ఆమె ఎత్తలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. తిడితే బాగుండుననిపించింది. చివరికి ఆమే లేచి వెళ్ళి మిషన్ మీద చెయ్యి వేసింది.

"చాలమ్మా. ఇక చాలు. పడుకో," అంది. అలా అంటూనే ఏడ్చింది.

అతను కూడా ఏదో అనాలనుకున్నాడు. అత్తయ్యగారూ అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఏం అనాలో తెలియక ఆగిపోయాడు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ చొక్కా ఎక్కడుంది అని తప్ప ఇంకేమైనా అడిగాడా అని వెతుక్కున్నాడు. దొరకలేదు.

మర్నాడు పట్టపగలు పాత సామాన్లు కొనేవాళ్ళను పిలిచాడు. నలుగురు కావాలని చెబితే ఇద్దరే వచ్చారు. వాళ్ళు వంగి ఎత్తేసరికి మిషన్ అట్టపెట్టెలా లేచింది.

"బరువన్నారేంటి సార్, దూదిలా ఉంది," అన్నాడు ఒకడు. రెండోవాడు వెనక తొంగి చూశాడు. "అంతా తుప్పే. ఎన్నేళ్ళ నుంచి వాడటం లేదండీ?"

భార్య తల దించుకుంది. అతను, "చాలా ఏళ్ళైంది," అన్నాడు. వాళ్ళు దాన్ని వ్యానులో వేసుకుని, మీద గోనె కప్పి తీసుకెళ్ళిపోయారు. గదిలో మిషన్ ఉన్న చోట నేల మీద నలుచదరంగా తడి మిగిలింది. ఆమె దాన్ని తుడిచి తుడిచి ఆరబెట్టింది.

షోరూము నుంచి కొత్త మిషన్ వచ్చింది. విప్పే ఓపిక ఇద్దరికీ లేదు. అట్టపెట్టెతోనే గోడ పక్కన పెట్టి, పెందలాడే పడుకున్నారు. ఎన్నాళ్ళకో ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అతనికి ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

తెల్లవారి మెలకువ వచ్చేసరికి భుజాలు సలుపుతున్నాయి. నడుం కదలడం లేదు. కళ్ళు నులుముకోబోయి ఆగాడు. వేళ్ళ చివర్లు ముడతలు పడి, పాలిపోయి ఉన్నాయి. రాత్రంతా నీళ్ళలో నానినట్టు. గోళ్ళ సందుల్లో సబ్బు.

పక్కకు తిరిగాడు. భార్య అప్పటికే మేలుకుని ఉంది. అతన్ని చూడగానే చేతులు దుప్పటి కింద దాచుకుంది.

"నువ్వు కూడానా?" అన్నాడు.

ఆమె కన్నీళ్ళతో తల ఊపింది. లేచి, ఒకరి వెనక ఒకరు బాల్కనీలోకి వెళ్ళారు. తీగల నిండా బట్టలు. మడత పడకుండా, అంచుకు అంచు కలిపి, వరసగా ఆరేసి ఉన్నాయి. ఇంకా నీళ్ళు కారుతున్నాయి. మగవాళ్ళవీ, ఆడవాళ్ళవీ, ముసలివాళ్ళవీ.

ఆమె ఒక్కొక్కటే పట్టి చూసింది. అతనూ చూశాడు.

ఒక్కటి కూడా వాళ్ళది కాదు.

కింద గేటు తీసిన చప్పుడైంది. ఎవరో మెట్లెక్కుతున్నారు. తొందరేమీ లేదు. అడుగులు కింది ఇంటావిడ తలుపు దాటాయి. మలుపు తిరిగాయి. వీళ్ళ గుమ్మం ముందుకు వచ్చి ఆగాయి.

ఇద్దరూ చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డారు.

తలుపు ఎవరూ కొట్టలేదు. మాసిన బట్టలు నిండిన బుట్టేదో నేల మీద దించినట్టు, బరువైన చప్పుడు మాత్రం వినిపించింది.